అడవి బియ్యానికి బదులు ఏ ధాన్యం? విస్తరణ సలహాలో స్పష్టత అవసరం

మంచిర్యాల జిల్లాలోని మందమర్రి బొగ్గుగనుల పట్టణం. పట్టణం దాటితే పత్తి చేలు, చెరువుల కింద వరి పొలాలు. ఇక్కడి అనేక కుటుంబాలలో ఒకరు గనిలో పనిచేస్తుంటే మరొకరు సమీప గ్రామంలో సేద్యం చూసుకుంటారు. అటువంటి ఒక కుటుంబానికి మధుమేహం కారణంగా లభించిన ఆహార పట్టికలో 'వైల్డ్ రైస్' అన్న పేరు కనిపించిందనుకుందాం. పట్టణంలోని దుకాణదారుడు ఆ పేరు విని నల్ల బియ్యం పొట్లం చూపవచ్చు. ఊళ్ళోని పెద్దలు చెరువు శిఖంలో దానంతట అదే మొలిచే నివ్వరి గడ్డిని చూపవచ్చు. పట్టిక రాసినవారి మనస్సులో ఉన్నది బహుశా ఉత్తర అమెరికా సరస్సులలో పెరిగే మరొక గడ్డిజాతి గింజ. ముగ్గురూ ఒకే పేరు పలికారు. ముగ్గురూ చెప్పినది వేర్వేరు ధాన్యాలను.

ఈ చిక్కుతో ఆ కుటుంబం వ్యవసాయ విస్తరణ అధికారినో, కృషి విజ్ఞాన కేంద్రాన్నో ఆశ్రయించినప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: 'అది దొరకదు, దొరికినా కొనలేము, దాని బదులు ఏమి వండుకోవాలి?' ఈ ప్రశ్నకు 'ఏదో ఒక చిరుధాన్యం వాడండి' అని సమాధానం చెప్పడం పరిపాటి అయింది. ఆ సమాధానం పూర్తిగా తప్పు కాదు. అయితే శాస్త్రీయమైన సలహాకు ఉండవలసిన నిర్దిష్టత దానిలో లేదు. ఏ గుణానికి బదులు కోరుతున్నారో తెలుసుకోకుండా ధాన్యాన్ని సూచించడం, తెగులును గుర్తించకుండా మందు సూచించడం వంటిదే.

ఒక పేరు, మూడు ధాన్యాలు

అంతర్జాతీయ విపణిలో అడవి బియ్యంగా చలామణి అయ్యేది జైజేనియా ప్రజాతికి చెందిన గింజ. ఇది వరి తెగకు చెందినదే అయినా వరి ప్రజాతి అయిన ఒరైజాకు చెందినది కాదు. ఉత్తర అమెరికాలోని మహాసరస్సుల ప్రాంతంలో ఒజిబ్వే ప్రజలు దీనిని 'మనూమిన్' అని పిలుస్తారు. పడవలో కూర్చుని, కంకులను కర్రలతో సున్నితంగా తట్టి గింజలను పడవలోకి రాల్చుకోవడం వారి సంప్రదాయ కోత పద్ధతి. మిన్నెసోటా రాష్ట్రం 1977లో దీనిని తన రాష్ట్ర ధాన్యంగా ప్రకటించింది. గింజ పొడవుగా, నలుపు కలిసిన గోధుమ వర్ణంలో ఉంటుంది. ఉడకడానికి నలభై అయిదు నిమిషాల నుండి గంట వరకు పడుతుంది. ఉడికిన గింజ పొర చీలి, పరిమాణం మూడు నాలుగు రెట్లు పెరిగి, నమలడానికి బిగువుగా ఉంటుంది.

రెండవది మన దేశపు అడవి వరి. ఏకవార్షికమైన ఒరైజా నివారా, బహువార్షికమైన ఒరైజా రూఫిపోగాన్ జాతులు చెరువులు, కుంటలు, కాలువ గట్ల వెంబడి సహజంగా పెరుగుతాయి. సంస్కృతంలోని నీవార శబ్దమే తెలుగులో నివ్వరిగా నిలిచింది. కాళిదాసు శాకుంతలంలో ఆశ్రమాన్ని గుర్తించడానికి చెప్పిన ఆనవాళ్ళలో చిలుకల తొర్రల నుండి చెట్ల కింద రాలిన నీవార ధాన్యం ఒకటి. ఆ పాత పేరే 1965లో శర్మ, శాస్త్రి అనే శాస్త్రవేత్తలు ఈ జాతిని విడిగా వర్ణించినప్పుడు శాస్త్రీయ నామంలో చేరింది. ఉత్తరప్రదేశ్, బిహార్‌లలో దీని బియ్యాన్ని 'తిన్నీ' అని, ఛత్తీస్‌గఢ్‌లో 'పసహర్' అని పిలిచి ఉపవాస దినాలలో వండుతారు.

మూడవది నల్ల బియ్యం. ఇది సాగు వరి అయిన ఒరైజా సటైవాలోని రకాలకే చెందినది. మణిపూర్‌కు చెందిన 'చాక్ హావో' నల్ల బియ్యానికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. నలుపు రంగుకు కారణం పై పొరలోని ఆంథోసయనిన్ వర్ణకాలు. వర్ణసామ్యం తప్ప అడవి బియ్యంతో దీనికి ఇతర సంబంధం లేదు.

ఈ మూడింటినీ వేరుచేసి చెప్పడం విస్తరణ శాస్త్రవేత్త చేయవలసిన మొదటి పని. ఇది వృక్షశాస్త్ర పాండిత్య ప్రదర్శన కోసం కాదు. ధాన్యం మారితే నానబెట్టే కాలం మారుతుంది, నీటి కొలత మారుతుంది, పోషక విలువ మారుతుంది, ధర మారుతుంది. కనుక బదులు ధాన్యం కూడా మారుతుంది.

ఏ గుణానికి బదులు?

అడవి బియ్యాన్ని కోరేవారి అవసరాలు స్థూలంగా మూడు విధాలు. మొదటిది వంటకంలో దాని బిగువు, రుచి. రెండవది ఆరోగ్య ప్రయోజనం. మూడవది వ్రత నియమం. ఈ మూడు అవసరాలకు ఒకే ధాన్యం బదులు కాజాలదు.

వంటకంలోని బిగువు కోసమైతే పొట్టు తీయని లేదా తక్కువ పాలిష్ చేసిన, గింజ విడివిడిగా నిలిచే ధాన్యం కావాలి. సామలు, కొర్రలు ఈ పనికి అంతగా నప్పవు. వాటి గింజ చిన్నది. పదిహేను ఇరవై నిమిషాలలో ఉడికి మెత్తబడుతుంది. ఉత్తర తెలంగాణ ప్రజలకు తరతరాలుగా పరిచితమైన జొన్న ఈ విషయంలో మేలైనది. జొన్న గింజలను విరచకుండా రాత్రంతా నానబెట్టి ప్రెషర్ కుక్కర్‌లో ఉడికిస్తే గింజ విచ్చుకున్నా ముద్ద కాదు. నమిలినప్పుడు బిగువు తెలుస్తుంది. ఇదే జొన్నను రవ్వగా విరిచి వండితే గట్క అవుతుంది. గట్క మంచి ఆహారమే కాని, అడవి బియ్యపు బిగువును కోరినవారికి అది బదులు కాదు. ధాన్యం ఒకటే అయినా తయారీ మారితే ప్రయోజనం మారుతుందనడానికి ఇది చక్కని ఉదాహరణ. ఎర్ర దంపుడు బియ్యం, నల్ల బియ్యం కూడా ఈ వర్గంలో చేర్చదగినవి. అయితే నల్ల బియ్యంలో జిగురు రకాలున్నాయి. అవి ఉడికితే గింజలు అంటుకుంటాయి కనుక రకం తెలుసుకుని కొనుగోలు చేయవలసి ఉంటుంది.

ఆరోగ్య ప్రయోజనం కోసమైతే అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి. వండని జైజేనియా గింజలో నూటికి సుమారు 14.7 గ్రాముల మాంసకృత్తులు, 6.2 గ్రాముల పీచు ఉంటాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికల ప్రకారం, పాలిష్ చేసిన బియ్యంలో మాంసకృత్తులు సుమారు 7.9, పీచు 2.8 గ్రాములు, దంపుడు బియ్యంలో 9.2, 4.4, సామలలో 10.1, 7.7, అరికెలలో 8.9, 6.4, జొన్నలో 10.0, 10.2 గ్రాములు. పీచు విషయంలో సామలు, అరికెలు, జొన్న మూడూ జైజేనియాకు తీసిపోవు. జొన్న దానిని గణనీయంగా మించింది. మాంసకృత్తులలో మాత్రం జైజేనియాదే పైచేయి. ఆ లోటు కందిపప్పో, పెసరపప్పో చేర్చుకుంటే తీరుతుంది. పప్పు లేకుండా అన్నం తినని ప్రాంతంలో ఒక్క ధాన్యం నుండే మాంసకృత్తులన్నీ లభించాలని పట్టుపట్టడం అనవసరం.

మధుమేహం ఉన్నవారి విషయంలో మరొక జాగ్రత్త అవసరం. గ్లైసెమిక్ సూచి ధాన్యాన్ని బట్టే కాక, పాలిష్ స్థాయి, గింజ విరిగిందా లేదా, ఎంతసేపు ఉడికింది, దేనితో కలిపి తిన్నారు అనే అంశాలను బట్టి కూడా మారుతుంది. తెలంగాణ సోన, అనగా ఆర్‌ఎన్‌ఆర్ 15048, తక్కువ సూచి గల రకంగా పేరు పొందింది. దాని సూచి సుమారు 51 అని నమోదైంది. 55, అంతకన్న తక్కువ ఉంటే తక్కువ సూచిగా పరిగణిస్తారు. అన్నమే కావాలనే కుటుంబానికి సుదూర దేశపు గింజ కన్నా ఈ రకాన్ని మితంగా, కూర, పప్పులతో కలిపి తినమని చెప్పడం ఆచరణీయం. అయితే తక్కువ సూచి ఉన్నదని పరిమాణం పెంచితే ప్రయోజనం నశిస్తుంది. ఈ మాటను సలహాతో పాటు తప్పనిసరిగా చెప్పాలి. మందుల మోతాదుకు సంబంధించిన నిర్ణయం వైద్యునిదే.

మూడవది వ్రత నియమం. వినాయక చవితి మరునాడు వచ్చే ఋషిపంచమిని పాటించే ఇళ్ళలో నాగలితో దున్నిన నేలలో పండిన ధాన్యం తినరాదన్నది నియమం. ఛత్తీస్‌గఢ్‌లో కమర్‌ఛఠ్ నాడు పసహర్ బియ్యం వండటంలోనూ ఇదే భావన ఉంది. ఇక్కడ కోరుతున్న గుణం పీచు కాదు, బిగువు కాదు, దున్నని నేల. కనుక దున్నిన చేనులో పండిన సామలనో, ఊదలనో 'నివ్వరికి బదులు' అని పోషకాహార దృష్టితో సూచిస్తే వ్రతం పాటించేవారి దృష్టిలో అది బదులే కాదు. పెరటిలో చేతితో గుంతలు తవ్వి పెంచిన దుంపలు, ఆకుకూరలు వారి నియమానికి దగ్గరగా ఉంటాయి. ఉపవాసానికి ఊదలు సమ్మతించే ఇళ్ళూ ఉన్నాయి. ఇది ఆయా కుటుంబాల ఆచారానికి సంబంధించిన నిర్ణయం. శాస్త్రవేత్త ఇక్కడ తీర్పరి కాకూడదు; అడిగి తెలుసుకొని చెప్పాలి.

డబ్బాలో చల్లారిన అన్నం

ధాన్యాల వంట నాణ్యతను పరీక్షించేటప్పుడు సాధారణంగా వేడిగా ఉన్న అన్నాన్నే రుచి చూస్తారు. మందమర్రి వంటి పట్టణంలో ఈ పరీక్ష సగమే. షిఫ్టుకు వెళ్ళే కార్మికుడు ఉదయం వండిన అన్నాన్ని డబ్బాలో పెట్టుకుని కొన్ని గంటల తరువాత, చల్లారిన స్థితిలో తింటాడు. పత్తి ఏరడానికి వెళ్ళే కూలీ మహిళ పరిస్థితీ అదే. అన్నం చల్లారినప్పుడు పిండిపదార్థంలోని అమైలోజ్ అణువులు తిరిగి బిగుసుకుంటాయి. అమైలోజ్ ఎక్కువగా ఉన్న బియ్యం ఈ కారణంగానే చల్లారితే గట్టిపడుతుంది. సామల అన్నం, కొర్రల అన్నం వేడిమీద మెత్తగా ఉండి, చల్లారాక పొడిబారి గొంతు పట్టినట్లుంటాయని వండేవారికి అనుభవమే. చిరుధాన్యాలను నాలుగు రోజులు వండి మానివేసే కుటుంబాలలో ఈ అసౌకర్యం కూడా ఒక కారణం కాదా అన్నది పరిశీలించదగిన ప్రశ్న.

దీనికి పరిష్కారాలు వంటగదిలోనే ఉన్నాయి. చిరుధాన్యపు అన్నాన్ని కొంత పలుచగా వండి మజ్జిగ కలిపి పట్టుకెళ్ళడం, పప్పుతో కలిపి కిచిడీగా వండటం, నానబెట్టే కాలాన్ని పెంచడం వంటివి పరీక్షించదగినవి. విరచని జొన్న మొదటి నుండీ బిగువుగా నమలవలసిన గింజే కనుక చల్లారినా తినేవారికి అంత తేడా అనిపించదు. అడవి బియ్యాన్ని పాశ్చాత్యులు చల్లని సలాడ్లలో వాడుకోవడానికి ఇటువంటి గుణమే కారణం. కాని దంతాలు బలహీనపడిన వృద్ధులకు, పసిపిల్లలకు విరచని జొన్న పనికిరాదు. వారికి గట్కయే తగినది. ఒకే ఇంటిలో సైతం ఒకే సలహా అందరికీ సరిపోదని దీనివల్ల స్పష్టమవుతుంది.

స్థానిక ధాన్యం గనుక దోషరహితమని భావించడం కూడా సరికాదు. అరికెలను తడి తగలకుండా నిల్వ చేయకపోతే బూజు సోకి, సైక్లోపియజోనిక్ ఆమ్లం అనే విషపదార్థం ఏర్పడే ప్రమాదం ఉంది. 2024 అక్టోబరు చివరలో మధ్యప్రదేశ్‌లోని బాంధవగఢ్‌లో పది ఏనుగులు మరణించినప్పుడు అవి తిన్న అరికె పంటలోని ఈ విషమే కారణమని పరీక్షలు సూచించాయి. అరికెలను సూచించేవారు ఎండబెట్టడం, నిల్వ గురించి కూడా చెప్పకపోతే సలహా అసంపూర్ణం.

నివ్వరిని ఏమి చేయాలి?

'అడవి బియ్యం మన చెరువులోనే ఉండగా బదులు వెదకడమెందుకు? నివ్వరినే సేకరించి అమ్మవచ్చు కదా?' అనే వాదన వినడానికి ఆకర్షణీయంగా ఉంటుంది. దీనిని జాగ్రత్తగా పరిశీలించాలి.

నివ్వరి గింజ పక్వానికి రాగానే రాలిపోతుంది. కంకిలోని గింజలన్నీ ఒకేసారి పండవు. గింజలకు పొడవైన మీసాలుంటాయి. విత్తనానికి నిద్రావస్థ ఉంటుంది. అందువల్ల సేకరణ శ్రమ అధికం, దిగుబడి స్వల్పం. తిన్నీ, పసహర్ బియ్యాలు ఉపవాస దినాలలో ఎక్కువ ధర పలకడానికి కారణం ఇదే. గిరాకీ పెరిగి గింజలన్నీ ఊడ్చుకుపోతే ఏకవార్షిక జాతి మరుసటి ఏడు మొలిచేది తగ్గిపోతుంది.

నివ్వరిని పొలం దగ్గర పెంచమని చెప్పడం మరింత ప్రమాదకరం. అడవి వరి సాగు వరితో సంకరం చెందుతుంది. ఆ సంకర సంతతి నుండి కలుపు వరి ఏర్పడుతుంది. ఎర్ర గింజ, రాలే గుణం గల ఈ కలుపు, నేరుగా విత్తే వరిలో పెద్ద సమస్య. సాగు వరికి అతి దగ్గరి బంధువు కావడం వల్ల సాధారణ వరి కలుపు మందులు దానిని విడదీసి చంపలేవు. ధ్రువీకరించిన విత్తనం వాడటం, ముందుగా తడి ఇచ్చి మొలిచిన కలుపును దున్నివేయడం, నాట్లు వేయడం, గింజ రాలక ముందే కేళీలను ఏరివేయడం తప్ప సులభమైన మార్గం లేదు. ఒక ధాన్యాన్ని వంటకు ప్రోత్సహించే ఉత్సాహంలో మరొక పంటకు కలుపును ఆహ్వానించరాదు.

నివ్వరి అసలు విలువ విత్తన భాండాగారంలో ఉంది. 1970వ దశకంలో ఆసియా వరి పొలాలను పీడించిన గడ్డి కుంటు వైరస్‌ను తట్టుకునే గుణం కోసం అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆరువేలకు పైగా నమూనాలను పరీక్షించగా, ఉత్తరప్రదేశ్ నుండి సేకరించిన ఒకే ఒక ఒరైజా నివారా నమూనాలో అది లభించింది. 1976లో విడుదలైన ఐఆర్ 36లో ఆ నిరోధక గుణం ఉంది. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి రూపొందించిన మెరుగైన సాంబ మసూరిలో బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే జన్యువులలో ఒకటి ఒరైజా లాంగిస్టామినేటా అనే ఆఫ్రికా అడవి వరి నుండి వచ్చినది. ఆ రకం అన్నం తింటున్న తెలుగువారు తమకు తెలియకుండానే అడవి వరికి ఋణపడి ఉన్నారు. ఒక కుంట పూడిపోతే నివ్వరితో పాటు ఏ గుణం పోయిందో తరువాత తెలుసుకునే అవకాశం ఉండదు.

ఒజిబ్వే ప్రజల అనుభవం ఇక్కడ గమనించదగినది. వారి మనూమిన్‌ను మిన్నెసోటా విశ్వవిద్యాలయం గింజ రాలని రకాలుగా అభివృద్ధి చేసి పొలాల పంటగా మార్చింది. సరస్సులలోని సహజ ధాన్యానికి ఏమవుతుందోనన్న ఆందోళన ఆ ప్రజలలో నిలిచిపోయింది. 2018లో వైట్ ఎర్త్ తెగ మనూమిన్‌కు హక్కులున్నాయని చట్టరూపంలో ప్రకటించింది. ధాన్యాన్ని విపణికి తేవడం, దాని సహజ ఆవాసాన్ని కాపాడటం రెండూ ఒకటి కావని ఈ ఉదంతం తెలుపుతున్నది.

చేయవలసినది

దొరికే ధాన్యాన్ని తిననివ్వక ఇన్ని ప్రశ్నలు వేయడం విస్తరణ సిబ్బందికి భారమనే అభ్యంతరం రావచ్చు. ఒక రోజులో పదుల సంఖ్యలో రైతులను కలిసే అధికారికి సుదీర్ఘ సంభాషణకు వ్యవధి లేదన్నది వాస్తవమే. కాని అవసరమైన ప్రశ్నలు నాలుగే: అడుగుతున్నది ఏ ధాన్యం గురించి? దానిని ఏ ప్రయోజనం కోసం కోరుతున్నారు? తినేది ఎవరు? వేడిగా తింటారా, చల్లారాక తింటారా? ఈ నాలుగింటికి జవాబు వచ్చేసరికి సరైన ధాన్యం దాదాపు తేలిపోతుంది. తప్పు సలహా వల్ల కుటుంబం చిరుధాన్యాలనే శాశ్వతంగా వదులుకుంటే కలిగే నష్టంతో పోలిస్తే ఇది ఎక్కువ శ్రమ కాదు.

పరిశోధన పరంగా మూడు పనులు చేపట్టదగినవి. సామలు, కొర్రలు, అరికెలు, జొన్న, దంపుడు బియ్యాలను వండిన వెంటనే, ఆరు గంటల తరువాత బిగువు, తేమ, రుచి అంశాలలో పోల్చి చూడాలి. రుచి పరీక్షలో ప్రయోగశాల సిబ్బందికి బదులు గని కార్మిక కాలనీల మహిళలను, డబ్బా తినే కార్మికులను భాగస్వాములను చేయాలి. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో గ్రామాలలో గడిపే విద్యార్థులు తమ గ్రామపు చెరువులు, కుంటలలో నివ్వరి ఉన్నదా లేదా నమోదు చేస్తే, ఆ సమాచారం రాజేంద్రనగర్‌లోని జాతీయ వృక్ష జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రానికి ఉపకరిస్తుంది. ఇవేవీ భారీ నిధులు కోరే పనులు కావు.

2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత చిరుధాన్యాల పేర్లు అందరికీ తెలిశాయి. వాటిని ఎప్పుడు, ఎవరికి, ఎలా వండిపెట్టాలో చెప్పే పని ఇంకా మిగిలి ఉంది. మందమర్రి కుటుంబం అడిగిన ప్రశ్నకు విస్తరణ శాస్త్రవేత్త ఈ విధంగా చెప్పగలగాలి: షిఫ్టు డబ్బాలోకి నానబెట్టి ఉడికించిన జొన్న, ఇంట్లోని పెద్దలకు గట్క, అన్నమే కావాలంటే తెలంగాణ సోన మితంగా, పప్పుతో, చెరువులోని నివ్వరిని మాత్రం చెరువులోనే ఉండనివ్వండి.